అద్దాల తొట్టిలో కొండమొక్క

అక్కయ్య పాడేరు నుంచి వచ్చిన రోజు నరసరావుపేట స్టేషన్‌లో రైలు దిగేటప్పుడు ఆమె భుజాన ఒక బ్యాగు, చేతిలో తడిగుడ్డ చుట్టిన కొమ్మముక్క ఉన్నాయి. నేను చేయి చాపితే బ్యాగు ఇచ్చింది. కొమ్మ మాత్రం ఇవ్వలేదు.

“ఏందక్కా అది? పొయ్యిలోకా?” అన్నాను.

“నోరు మూసుకుని ఆటో పిలువు,” అంది.

ఇంటికి వచ్చాక గుడ్డ విప్పింది. జానెడు పొడవున్న కొమ్మ. దాని బెరడు మీద దళసరిగా, నున్నగా ఆరు ఆకులున్న చిన్న మొక్క. మట్టి అన్నది ఎక్కడా లేదు. తెల్లటి వేళ్లు లావుపాటి దారాల్లా కొమ్మని చుట్టుకుని ఉన్నాయి. పాడేరు దగ్గర రోడ్డు వెడల్పు చేయడానికి పెద్ద చెట్టొకటి కొట్టేస్తే, కింద పడిన కొమ్మ మీద ఇది కనిపించిందట. అంతవరకు కోయించి తెచ్చి తన గది వరండాలో తాడుతో వేలాడదీసింది. చాలా ఏళ్లు అది అక్కడే ఉంది. దానికి ప్రత్యేకంగా ఆమె చేసిందేమీ లేదు. పొగమంచు, వాన దాన్ని చూసుకున్నాయి. ఏటా వానలు మొదలయ్యే ముందు లేత ఊదారంగు పూలు పూసేదట. అడవిలో పూసే ఆర్కిడ్లలో ఒక రకమని ఎవరో డాక్టరు చెప్పాడట గాని, దాని అసలు పేరు ఆమెకూ తెలియదు.

అక్కయ్య నాకంటే పదేళ్లు పెద్ద. నేను ఐదో తరగతిలో ఉండగా ఆమెకి ఏజెన్సీలో నర్సు ఉద్యోగం వచ్చింది. రిటైరయ్యేదాకా ఆ కొండల్లోనే పనిచేసింది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని మా ఇంట్లో గట్టిగా అడిగినవాళ్లు లేరు, మెల్లగా అడిగినవాళ్లకి ఆమె జవాబు చెప్పలేదు. సెలవుకి వచ్చేది, నాలుగు రోజులు ఉండేది, ఎవరో ఒకరికి నెలలు నిండాయని చెప్పి బస్సెక్కేది. నాకు పదేళ్లు నిండిన తర్వాత మేమిద్దరం ఒకే ఇంట్లో ఉన్న రోజులన్నీ కలిపితే ఏడాది నిండదు. ఒకసారి కూర్చుని ఆ లెక్క వేశాను. వేయకపోతే బాగుండేదనిపించింది.

అందుకే రిటైరవగానే వచ్చేయమని అడిగాను. మా అమ్మాయికి పెళ్లయి ఒంగోలు వెళ్లాక ఇంట్లో మధ్యగది ఖాళీగానే ఉంది. నా భార్య కూడా ఫోన్లో పదేపదే అడిగింది. అక్కయ్య అవునని అనలేదు, కాదని అనలేదు. పాడేరులో అద్దెగది ఖాళీ చేయకుండా, తాళం వేసుకుని వచ్చింది.

మొదటిరోజు భోజనాల దగ్గరే తన సంగతి తేల్చి చెప్పింది.

“ఈ ఎండాకాలం ఉండి చూస్తాన్రా. నేను ఎండకి ఓర్చుకుంటానో లేదో తెలవదు, ఆ మొక్క ఓర్చుకుంటదో లేదో అసలే తెలవదు. అది ఎండిపోయేటట్టుంటే మాత్రం దాన్ని తీసుకుని పోతా. చావనిచ్చి చూస్తా కూర్చోలేను. అట్టా పోతే మళ్లీ రాను. ఈ వయసులో రెండిళ్ల మధ్య తిరగడం నా వల్ల కాదు.”

“మొక్క కోసం మనుషుల్ని వదులుకుంటారా వదినా?” అంది నా భార్య.

“నువ్వు గూడా దాన్ని ఇన్నేళ్లు చూసుంటే అట్టా అనవు,” అంది అక్కయ్య. ఆపైన పెరుగు వడ్డించమంది.

ఆమె మాట అంటే మాటే. మొక్క బతికితే ఆమె ఉంటుంది, బతక్కపోతే వెళ్లిపోతుంది.

నేను మాచర్ల రోడ్డులో ఒక నాపరాళ్ల యార్డులో కొలతలు చూస్తాను. చదివింది పదో తరగతి. లెక్కలు రాళ్ల దగ్గరే నేర్చుకున్నాను. ఒక హాలుకి ఎన్ని చదరపు అడుగుల రాయి పడుతుంది, కోతలో ఎంత పోతుంది, సంపులో ఎన్ని లీటర్లు పడతాయి అని అడగడానికి ఇంజనీరు ఉన్నవాళ్లు కూడా వస్తారు. కొలిస్తే తెలియనిది ఉండదని నా నమ్మకం. కాబట్టి మొక్కనీ కొలవడం మొదలుపెట్టాను. గాలిలో తేమ చూపించే చిన్న గడియారంలాంటి పరికరం తెప్పించి హాల్లో పెట్టాను. ఏప్రిల్ మధ్యాహ్నం అది ఇరవై రెండు శాతం చూపించింది.

“పాడేరులో ఎంత ఉంటదక్కా?”

“నాకేం తెల్సు? వానాకాలంలో ఉతికిన బట్టలు మూడ్రోజులైనా ఆరేవి కాదు. కట్టుకుంటే వాసనొచ్చేది.”

మా దాబా మీద చీర ఆరేసి కిందికి దిగి వచ్చేసరికి ఆరిపోతుంది. చీర ఆరినట్టే మొక్కా ఆరుతుందని అర్థమైంది. అప్పటికే ఆకులు ముడతలు పడుతున్నాయి. అక్కయ్య పొద్దున, సాయంత్రం నీళ్లు చిలకరించేది. పావుగంటలో కొమ్మ మళ్లీ పొడిగా అయిపోయేది. ఆమె దాన్నే చూస్తూ కూర్చునేది. 

ఫోన్లో వెతికితే అద్దాల పెట్టెలో మొక్కలు పెంచేవాళ్ల వీడియోలు కనిపించాయి. పాత అక్వేరియంలో అడుగున గులకరాళ్లు, బొగ్గు, పైన కొబ్బరిపీచు, దాని మీద నాచు వేసి, లైటు పెట్టి, మూత వేస్తున్నారు. లోపల తేమ ఎప్పుడూ డెబ్బై, ఎనభై ఉంటుందట. మాకూ ఒక అక్వేరియం ఉంది. అమ్మాయి చిన్నప్పుడు కొన్నది, రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగుంపావు ఎత్తు. చేపలు పోయి చాలా కాలమైంది.

“మెట్లగదిలో చేపల తొట్టి ఉండాలి గదా, అది కావాలి,” అన్నాను నా భార్యతో.

“అది ఖాళీ లేదు.”

“ఏముంది అందులో?”

“మిరపకాయలు. ఎలకలు తొలవకుండా ఉంటాయని పోసిపెట్టా. అద్దాన్ని ఎలకేం చేసుద్ది? మీ లెక్కలకి ఇట్టాంటివి తట్టవు గాని.”

నిజమే, నాకు తట్టలేదు. ఎండుమిరపకాయలు గోతంలోకి వంపి, తొట్టిని పెరట్లోకి తెచ్చి పైపుతో కడిగాము. అడుగున పేరుకున్న కారం పొడి తడిసి ఘాటు లేచింది. నేను తుమ్ముతుంటే నా భార్య నవ్వింది, నవ్వుతూ తను కూడా అందుకుంది. గది లోపల నుంచి అక్కయ్య దగ్గుతూ బయటికొచ్చి, “ఏందిరా, మొక్కని బతికిస్తన్నారా, నన్ను చంపుతన్నారా?” అని కళ్లు తుడుచుకుంది. ఎదురింట్లో ఉండే బాబాయి, బస్సు డ్రైవరుగా చేసి రిటైరైనాయన, ముక్కుకి తువ్వాలు అడ్డం పెట్టుకుని గేటు దాకా వచ్చాడు.

“ఎవురింట్లో ఏంది గొడవ? పోలీసోళ్లు పొగ వదిలారా?”

“తొట్టి కడుగుతన్నాం బాబాయ్.”

“తొట్టి కడగడానికి ఇంత యుద్ధమా!”

సబ్బుతో, సున్నిపిండితో, మళ్లీ సబ్బుతో కడిగి, ఎండబెట్టి, వాసన చూసి, ఇంకోసారి కడిగాము. నీళ్లు నింపి చూస్తే ఒక మూల కారుతోంది. చేపలకైతే పనికిరాదు. మొక్కకి నీళ్లు నిలవనవసరం లేదు కాబట్టి పనికొస్తుంది. ఆ చిన్న విషయం అక్కయ్యకి ఎందుకో బాగా నచ్చింది. “కారినా ఫర్వాలేదంటే మంచి తొట్టే,” అంది.

ఇక పని మొదలుపెట్టాను. మా వైపు ఏది కట్టాలన్నా ముందు రాయి పరుస్తారు. ఇంటి నేల రాయి, పశువుల పాక నేల రాయి, బట్టలుతికే బండ రాయి, చేను చుట్టూ కంచె నిలువు రాళ్లు, పాత ఇళ్ల పైకప్పు కూడా రాయే. నేను ఇరవై ఏడేళ్లుగా రాళ్ల మధ్యే ఉన్నాను. వీడియోలో వాళ్లు అడుగున ఏవో గులకరాళ్లు పోస్తుంటే నాకు నవ్వొచ్చింది. యార్డులో మిగిలిన నాపరాయి ముక్కలు ఏరి, మిషన్ మీద కోయించి, అంచులు నున్నగా రుద్దించి తెచ్చాను. అడుగున ఒక పలక, వెనకవైపు మెట్లుగా మూడు పలకలు, ఒక్కొక్కటి మూడంగుళాల ఎత్తు తేడాతో. రాయికి అద్దానికి మధ్య ఒక్క సూది పట్టే సందు వదిలాను. పై మెట్టు మీద కొమ్మ కూర్చునేట్టు చిన్న గాడి చెక్కించాను. పాత అక్వేరియం పంపు ఇంకా పనిచేస్తోంది. దానికి సన్నటి గొట్టం తగిలించి, అడుగున గిన్నెలో నీళ్లు పైకి ఎక్కి, రాతిమెట్ల మీదుగా వేళ్లని తడుపుతూ కిందికి దిగేట్టు ఏర్పాటు చేశాను. కొండల్లో రాతి మీద నీళ్లు జారినట్టు ఉంటుందనుకున్నాను.

పైన అద్దం మూత, ఒక పక్క రెండంగుళాలు ఖాళీ. కంప్యూటర్లు రిపేరు చేసే షాపులో అడిగితే పాత ఫ్యాను ఒకటి ఇచ్చారు. అది పన్నెండు ఓల్టుల ఫ్యాను. ఫోను ఛార్జరు ఐదు ఓల్టులే ఇస్తుంది కాబట్టి మెల్లగా తిరుగుతుంది, ఆకు కదిలీ కదలనంత గాలి వస్తుంది. మధ్యగదిలో కిటికీకి దూరంగా, ఉత్తరపు గోడ పక్కన బల్ల మీద పెట్టాను. ఎండ తగిలితే అద్దాల పెట్టె పొయ్యి అవుతుంది. పైన తెల్ల లైటు. కొమ్మని గాడిలో కూర్చోబెట్టేటప్పుడు మాత్రం అక్కయ్య నన్ను ముట్టుకోనివ్వలేదు. “పసిగుడ్డుని పడుకోబెట్టేది నేను. నువ్వు లైటు పట్టుకో,” అంది.

ఆ సాయంత్రం లోపల తేమ డెబ్బై ఒకటి చూపించింది. బయట ఇరవై నాలుగు. నేను అక్కయ్యని పిలిచి రెండూ చూపించాను.

“డెబ్బై ఒకటంటే ఎట్టా ఉంటది?” అంది.

“పాడేరులో ఉన్నట్టు.”

ఆమె మూత సందులో చేయి పెట్టి చాలాసేపు అట్లాగే ఉంచింది. “అవున్రా,” అంది.

ఎదురింటి బాబాయి చూడటానికి వచ్చాడు. వంగి, కళ్లజోడు సర్దుకుని చూసి, “ఏందమ్మాయ్, ఇది బదనిక గదా? చెట్టుకి పట్టిందంటే చెట్టు రసమంతా తాగేసుద్ది. దీన్నెవురన్నా ఇంట్లో పెట్టుకుంటారా?” అన్నాడు.

“ఇది తాగదు బాబాయ్. దాని తిండి అది గాలిలోంచి, వాననీళ్లలోంచి తెచ్చుకుంటది. చెట్టుని ఊరికే పట్టుకునుంటదంతే. ఎవురి రసమూ తాగదు.”

ఆ మాట అనవలసినదానికంటే గట్టిగా అంది. బాబాయి సర్దుకుని టీ తాగి వెళ్లాడు. అక్కయ్య మా ఇంట్లో తిన్న కంచం తనే కడుక్కునేది. కూరగాయలు తనే తెచ్చేది. ఏసీ మా పడకగదిలో ఒక్కదానిలోనే ఉంది. అక్కడ పడుకోమంటే వినకుండా మధ్యగదిలో నేల మీద తడి తువ్వాలు పరుచుకుని పడుకునేది. నా భార్య నాలుగుసార్లు చెప్పి చూసింది. “మొగుడూ పెళ్లాల గదిలోకి నేనెందుకమ్మా” అని నవ్వేసేది.

కొన్నాళ్లు బాగానే ఉంది. ఆకుల ముడతలు విచ్చుకున్నాయి. ఒక వేరు కొసన లేత ఆకుపచ్చ కనిపించింది. నేను రోజూ యార్డు నుంచి రాగానే చెప్పులు విప్పకుండానే మధ్యగదిలోకి వెళ్లి అంకెలు చూసుకునేవాణ్ణి. తేమ సరిగ్గా ఉంది. వేడి బయటికంటే నాలుగు డిగ్రీలు తక్కువ. నా లెక్క ప్రకారం మొక్క సంతోషంగా ఉండాలి.

ఉండలేదు. మే నెల నడిచేకొద్దీ ఆ ఆకుపచ్చ కొస గోధుమరంగుకి మారింది. ఆకుల మీద బూడిద చల్లినట్టు తెల్లటి పొర పట్టింది. ఆకు చివర్లు నల్లబడ్డాయి. బూజనుకుని ఫ్యాను ఇంకాస్త సేపు తిప్పాను. తగ్గలేదు. తడి చాలలేదేమోనని పంపు రోజంతా వదిలాను. ఇంకా పెరిగింది. ఒకరోజు కింది ఆకు ఊడి రాతిమెట్టు మీద పడి ఉంది. అక్కయ్య దాన్ని తీసి కిటికీ దగ్గర వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి, చేతులు కొంగుకి తుడుచుకుని లేచింది.

మర్నాడు మధ్యాహ్నం నేను భోజనానికి వచ్చినప్పుడు వరండాలో ఫోన్లో మాట్లాడుతోంది. అవతల పాడేరు ఇంటి యజమానురాలని అర్థమైంది. “గది ఊడ్పించి ఉంచమ్మా. వచ్చే వారంలో వస్తా. ఆఁ, నేనొక్కదాన్నే. మొక్క కూడా,” అంటోంది.

అన్నం కలిపి సగం వదిలేశాను. నా భార్య నా వైపు చూసి, కంచం వైపు చూసి, మజ్జిగ గ్లాసు దగ్గరికి జరిపింది.

తిన్న తర్వాత తొట్టి ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాను. అక్కయ్య కూడా వచ్చి పక్కన నేల మీద కూర్చుంది. అంకెలన్నీ సరిగ్గానే ఉన్నాయని, అయినా ఎందుకు చస్తోందో అర్థం కావడం లేదని చెప్పాను.

“నువ్వు చెయ్యాల్సిందంతా చేశావురా. దీని నేల ఇది కాదు, అంతే. మనసులో పెట్టుకోకు.”

“రెండు రోజులు ఆగక్కా.”

“ఆగితే ఇంకో ఆకు పోద్ది.”

అప్పుడే నా భార్య పాలగిన్నె తోముతూ తలుపు దగ్గర నిలబడింది. “వదినా, ఈ గిన్నెకి పట్టిన తెలుపు పోవడానికి మీ ఆసుపత్రిలో ఏం వాడతారు? ఎంత తోమినా పోదు,” అంది.

అక్కయ్య గిన్నె తీసుకుని లోపలి అంచు గోటితో గీకింది. గోటికి తెల్లటి పొడి వచ్చింది. “మా దగ్గర ఇట్టాంటిది పట్టదే,” అంది. “సూదులు ఉడకబెట్టే గిన్నె ఏళ్ల తరబడి అట్టనే మెరుస్తా ఉండేది. నీళ్లు ఉడికి ఉడికి అయిపోయినా అడుగున మచ్చ ఉండేది కాదు.”  లేచి తొట్టి మూత తీసి, ఆకు మీద తెల్లటి పొరని అదే గోటితో గీకింది. వచ్చిన పొడిని, గిన్నెలోంచి వచ్చిన పొడిని పక్కపక్కన వేలిమీద పెట్టి నా ముందు చాపింది.

“ఇది బూజు కాదురా. నీళ్లే.”

నేను వంటింట్లోకి వెళ్లి నిమ్మకాయ కోసుకొచ్చి, నున్నగా రుద్దించిన నా రాతిమెట్టు మీద పిండాను. తెల్లగా నురుగు లేచింది. యార్డులో రాళ్లకి యాసిడ్ తగిలితే ఎట్లా పొంగుతుందో నాకు కొత్తగా ఎవరూ చెప్పనక్కర్లేదు. మా నాపరాయిలో ఉండేది సున్నమే. మా బోరు నీళ్లలో ఉండేదీ సున్నమే. ఆ నీళ్లని ఆ రాయి మీదుగా రోజంతా తిప్పి, ఎక్కడో మంచుతో, వానతో బతికిన వేళ్ల మీద పోశాను. తేమ కొలిచాను, వేడి కొలిచాను, ఓల్టులు కొలిచాను. రాయి, నీళ్లు మాత్రం నాకు పుట్టినప్పటి నుంచి ఉన్నవే కాబట్టి వాటిని కొలవాలని తట్టనే లేదు.

“రాయి తీసెయ్యాలి,” అన్నాను.

“అంత కష్టపడి కోయించావు గదరా,” అంది అక్కయ్య.

“తీసెయ్యాలక్కా.”

సూది సందు మాత్రమే వదిలానని గర్వపడ్డాను కదా, ఆ రాళ్లు తీయడానికి ప్రాణం మీదికొచ్చింది. తొట్టిని పక్కకి ఒరిగించి, నా భార్య ఒక వైపు, నేను ఒక వైపు పట్టుకుని ఒక్కొక్క పలకా జరిపి లాగాము. “పెళ్లికి మంటపం కట్టినట్టు కట్టారు, తీసేటప్పుడు తెలుస్తోంది,” అని నా భార్య విసుక్కుంది. అక్కయ్య కొమ్మని ఒళ్లో పెట్టుకుని మెత్తటి గుడ్డతో ఆకుల మీద తెలుపు కొంచెం కొంచెంగా తుడుస్తోంది. రాళ్లు పెరట్లో బట్టలుతికే చోట పెట్టాము. వాటి స్థానంలో బొగ్గు, పైన కొబ్బరిపీచు, పీచు మీద అడ్డంగా మామిడికొమ్మ ఒకటి పెట్టి, దానికి పాడేరు కొమ్మని దారంతో కట్టాము. పంపు తీసేశాను.

మరి ఏ నీళ్లు? నేను వెంటనే తాగే నీళ్ల క్యాను తెచ్చాను. అక్కయ్య ఒప్పుకోలేదు. “జనం బిందెలు పట్టుకుని తిరిగే ఊర్లో తాగే నీళ్లు మొక్కకి పోస్తానా? నేను పొయ్యను. నువ్వూ పొయ్యమాక,” అంది. వాన ఇంకా చాలా దూరంలో ఉంది.

నా భార్య చేతులు తుడుచుకుంటూ, “ఏసీ నీళ్లో?” అంది. “గోడ వెనక గొట్టం నుంచి కారే నీళ్లు. నేను ఇస్త్రీ పెట్టెలో అవే పోస్తా. ఇన్నేళ్లలో ఒక్క మచ్చ లేదు.”

నిజమే. గాలిలోని తేమ చల్లబడి కారే నీళ్లు అవి. వాటిలో సున్నం ఉండదు. కానీ నేను లెక్క వేసి చూస్తే ఒక చిక్కు కనిపించింది. సముద్రం దగ్గరి ఊళ్లలో అయితే ఏసీకి బకెట్లు నిండుతాయి. మా పొడి గాలికి కొంచెమే వస్తుంది. అదీ గదిలో మనుషులు ఉండి, పడుకుని, ఊపిరి వదులుతుంటేనే కాస్త ఎక్కువ. మేమిద్దరం పడుకుంటే పొద్దుటికి చెంబుడు నిండుతుందో లేదో.

“ముగ్గురు పడుకుంటే నిండుద్ది,” అంది నా భార్య. “వదినా, మీరు ఆ గదిలో నా పక్కన పడుకోండి. ఈయన హాల్లో పడుకుంటారు.”

“ముగ్గురన్నావు. నేను హాల్లో అయితే ఇద్దరేగా?” అన్నాను.

“మీరు గురక పెడతారు, దానికి మొక్క హడలిపోద్ది. మీరు లెక్కలోకి రారు.”

అక్కయ్య నవ్వింది గాని, తల అడ్డంగా ఊపింది. “వద్దులే అమ్మాయ్, నాకు ఆ చల్లదనం పడదు.”

“మీ కోసం ఎవురు రమ్మన్నారు? మొక్క కోసం. ఏసీ వేసి ఒక్కదాన్నే పడుకుంటే కరెంటు దండగ. మీరు గూడా ఉంటే ఇంకాస్త నీళ్లొస్తాయి. రాకపోతే మీ ఇష్టం, ఆకులు ఊడితే నన్ననొద్దు.”

అక్కయ్య నా వైపు చూసింది. నేను పైకప్పు వైపు చూశాను. వచ్చే వారం ప్రయాణం ఇంకొన్నాళ్లు ఆగుతుందని పాడేరుకి ఫోన్ చేసి చెప్పింది. “ఇంకో ఆకు పోతే మాత్రం ఆగను,” అని నాకూ చెప్పింది.

అప్పటి నుంచి మా ఇంట్లో పొద్దున్నే మొదటి పని గోడ వెనక పెట్టిన చెంబు చూడటం. నిజంగానే చెంబుడే వచ్చేది, ఒక్కోరోజు అంతకంటే తక్కువ. మా జానెడు కొమ్మకి అది చాలు. అక్కయ్య దాన్ని బట్టలో వడకట్టి సీసాలో పోసి చిలకరించేది. నేను హాల్లో ఫ్యాను కింద పడుకునేవాణ్ణి. తలుపు మూసి ఉన్నా లోపలి నుంచి వాళ్లిద్దరి మాటలు వినిపించేవి. నా భార్య కాన్పు కష్టాలు, అక్కయ్య చూసిన కాన్పులు, ఎవరో కొండమీది పిల్ల కవలల్ని కని మర్నాడే చేలోకి వెళ్లిందన్న కథ. ఇద్దరూ నవ్వేవాళ్లు. నాకు తెలియని నా అక్కయ్యని నా భార్య అట్లా తెలుసుకుంటోంది. మెలకువ వచ్చినా పక్కకి తిరగకుండా వింటూ పడుకునేవాణ్ణి.

నల్లబడ్డ చివర్లు నల్లగానే ఉండిపోయాయి. ఇంకో ఆకు పసుపు తిరిగింది. నా భార్య కూరలో ఉప్పు మరిచిపోయింది. అక్కయ్య బ్యాగు బయటికి తీసి దులిపి మళ్లీ గూట్లో పెట్టింది. ఆ ఆకు ఊడలేదు. సగం పసుపుతోనే ఆగిపోయింది. తర్వాత ఒక పొద్దున అక్కయ్య నన్ను కేకేసి పిలిచింది. కాలు జారి పడిందేమోనని పరుగెత్తాను. పీచు మీద ఉన్న మామిడికొమ్మ వైపు వేలు చూపించింది. మొక్క మొదలు నుంచి బియ్యపుగింజంత కొత్త వేరు బయటికొచ్చి, పాత కొమ్మని వదిలి పక్కనే ఉన్న మామిడికొమ్మ వైపు తిరిగింది. కొస ఆకుపచ్చగా మెరుస్తోంది.

నేను స్కేలు కోసం లేవబోయాను. “కొలిస్తే చెయ్యి విరగ్గొడతా,” అంది అక్కయ్య.

ఆ ఏడాది అది పూయలేదు. పూయదని మాకు ముందే తెలుసు. తొలకరి పడి మా దాబా మీది వాననీళ్లు పట్టుకోవడం మొదలుపెట్టాక అక్కయ్య మళ్లీ మధ్యగదికి మారింది. ఒకరోజు పాడేరు వెళ్తానంది. ఎందుకో, ఎన్ని రోజులో చెప్పలేదు. నేను అడగలేదు. అడిగితే ఏం చెబుతుందోనని భయం. నా భార్యకి మాత్రం పొద్దున ఎంత చిలకరించాలో, ఎండ బాగా కాసినరోజు మూత ఎంత జరపాలో రెండుసార్లు చెప్పింది. మొక్క బల్ల మీదే ఉంది.

ఆమె వెళ్లిన మూడో రోజు ఫోన్ చేసింది. అవతల వాన శబ్దం, ఎవరో సామాను దింపుతున్న చప్పుడు.

“ఒరేయ్, మధ్యగదిలో తలుపుకీ బీరువాకీ మధ్య గోడ ఎంత పొడవుందో చూసి చెప్పు. ఇక్కడ నా ఇనప మంచం ఉంది. ఆరుంపావు అడుగులు. నేల మీద పడుకుంటే నడుం లేవడంలా. పడుద్దంటే లారీలో వేయిస్తా, పడదంటే ఇక్కడే ఎవురికన్నా ఇచ్చేస్తా.”

టేపు తీసుకుని వెళ్లి కొలిచాను. ఐదడుగుల పదంగుళాలు. ఇంకోసారి కొలిచాను. అంతే.

“పడుద్దక్కా,” అన్నాను. “వేయించు.”

ఫోన్ పెట్టేసి నా భార్యని పిలిచాను. బీరువాలో బట్టలు తీసి మా మంచం మీద పెట్టమని, బీరువా జరపడానికి నేను ఎదురింటి బాబాయిని సాయానికి తీసుకొస్తానని చెప్పాను.